కానుగ తాగిన చిలుము

ఒకప్పుడు, అంటే గొడ్డలి దెబ్బ తిన్న చెట్టు మళ్ళీ లేవని రోజుల్లో, కానుగ చెట్టు ఇప్పుడున్నట్టు ఉండేది కాదు.

దాని ఆకు ఉల్లిపొరలాగా పాలిపోయి ఉండేది. చిగురూ అంతే. పైగా ఆకు తియ్యగా ఉండేది. తియ్యగా ఉంటే మేకలు ఊరుకుంటాయా? మెడ సాచి, ముందుకాళ్ళెత్తి, అందినంత మేరా మేసేవి. మేకలకి అందకుండా పోవాలని కానుగ గబగబా పెరిగేది. రెండు వానలు పడేసరికి మనిషెత్తు, మూడో ఏడు వచ్చేసరికి ఇంటి కప్పెత్తు. అంత తొందరగా పెరిగే చెట్టు ఆ అడవిలో ఇంకొకటి లేదు.

పెరిగినందుకు పెద్ద చెట్లు మెచ్చుకున్నాయా అంటే, లేదు. నిలకడ లేనిదని పేరు పెట్టాయి. నూరేళ్ళు నిలబడితే గానీ చెట్టనిపించుకోకూడదని టేకు అభిప్రాయం. నాకు టేకంటే పెద్దగా ఇష్టం లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

కానుగని ఏమీ అనకుండా ముద్దుచేసేది ఒక్క నేలమ్మే. నేలమ్మంటే ఎవరో కాదు, మీరు ఇప్పుడు కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఈ నేలే. ఆమెకి కోట్ల మంది పిల్లలు. అయినా ఆఖరున పుట్టిన కూతురిలాగా కానుగని చూసుకునేది. వాగు ఒడ్డున మెత్తటి చోటు చూసి ఇచ్చింది. ఎంత దాహమేసినా ఇంకా తాగు, ఇంకా తాగు అనేది.

ఆ వాగు పక్కన ఒక మెట్ట ఉంది. మెట్ట మీద ఇరవై గడపల కంచరివాళ్ళు ఉండేవాళ్ళు. కంచరివాళ్ళంటే రాగీ ఇత్తడీ కంచూ కరిగించి చెంబులు, బిందెలు, గంగాళాలు చేసేవాళ్ళు. తెల్లవారగానే తిత్తులు బుస్సుమనేవి, కొలిమి రాజుకునేది, ఇరవై ఇళ్ళలోనూ సుత్తులు మోగేవి. అందుకే ఆ ఊరిని గిన్నెలమెట్ట అనేవాళ్ళు.

నేలమ్మకి ఆ చప్పుడంటే ప్రాణం. వీపు మీద పిల్లలు గుద్దులాడుకుంటున్నట్టు ఉంటుందని మురిసిపోయేది.

ఇప్పుడు ఆ పనిలో ఒక సంగతి మీరు తెలుసుకోవాలి. రాగి బిందెని నిప్పుల్లో కాలిస్తే నల్లగా మాడుతుంది. దాన్ని చింతపండు పులుసులో ముంచి రుద్దితే మాడు పోయి, ఎర్రటి కొత్త రాగి నిగనిగలాడుతూ బయటపడుతుంది. బిందె బాగుపడుతుంది గానీ ఆ పులుసు పాడవుతుంది. పచ్చగా నీలంగా తిరిగిపోతుంది. అందులో చేరేది చిలుము. ఇంట్లో రాగి చెంబు తోమకుండా వదిలేస్తే పచ్చగా పట్టుకుంటుందే, అది. కడుపులోకి పోతే ఎవరికీ మంచిది కాదు.

గిన్నెలమెట్టలో ఒక ఆచారం ఉండేది. ఏ కొత్త గిన్నె చేసినా దాని మొదటి కడుగు, అంటే రుద్ది కడిగిన ఆ పులుసు, నేలమ్మకే. రాగి ఆమె కడుపులోంచి వచ్చింది కాబట్టి మొదటి రుచి ఆమెదేనని తాతల నాటి మాట. ఆ కడుగుని ఎక్కడ పడితే అక్కడ పారబోసేవాళ్ళు కాదు, ఎవరి కాలైనా పడితే తప్పు. మెట్ట దిగువన ఒక పల్లం చూసుకున్నారు. చెప్పులు పైనే విడిచి, మౌనంగా దిగి, రెండు చేతులతో వంచి అక్కడే పోసేవాళ్ళు. "పుచ్చుకో అమ్మా" అని ఒక్క మాట అని, దణ్ణం పెట్టుకుని వచ్చేవాళ్ళు.

చూశారా, ఎంత మర్యాదగా విషం పోశారో.

మరి నేలమ్మ ఎందుకు తాగిందని అడుగుతారు. మీరు చిన్నప్పుడు కొబ్బరిచిప్పలో మట్టి పిసికి, పైన ఇసక చల్లి, "అన్నం వండాను, తినమ్మా" అని మీ అమ్మ ముందు పెట్టలేదూ? అమ్మ అబ్బ ఎంత బాగుందో అని తిన్నట్టు నటించి ఉంటుంది. నేలమ్మకి నటించడం రాదు. పిల్లలు పెట్టారని నిజంగానే తాగేసేది.

పల్లంలో ఒక వానపాము కాపురముండేది. మనసు మంచిదే గానీ నోరు దురుసు. ఒళ్ళు మండుతోందని అది మొదటినుంచీ గోల పెడుతూనే ఉంది. ఈ కడుగు నీకు పడదు, వద్దని చెప్పు, నువ్వు చెప్పకపోతే నేను చెబుతానని నేలమ్మతో రోజూ పోట్లాట. నేలమ్మ దానిచేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. అంత ప్రేమగా తెచ్చి పెడుతుంటే ముఖం మీద వద్దంటే పిల్లలు చిన్నబుచ్చుకోరా అంది. వానపాము నీ ఖర్మ అనేసి, మూటా ముల్లే లేనిది కాబట్టి ఒట్టి ఒంటితోనే వాగు ఒడ్డుకి, కానుగ మొదట్లోకి మకాం మార్చింది.

తాతలు పోయారు, తండ్రులు పోయారు. కడుగు మాత్రం పడుతూనే ఉంది. పల్లంలో ముందు గడ్డి పోయింది. తరవాత చీమలు పోయాయి. చాపంత ఉన్న బోడి నేల కళ్ళమంత అయింది, నాలుగు కళ్ళాలంత అయింది.

ఆ సమయానికి గిన్నెలమెట్టలో మౌనయ్యా సూరాంబా అని మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. పేరుకే మౌనయ్య. నిద్రలో తప్ప నోరు మూసేవాడు కాదు. తిత్తి ఊదుతూ మాట్లాడేవాడు, అన్నం తింటూ మాట్లాడేవాడు, వినేవాళ్ళు లేకపోతే పట్టకారుతో మాట్లాడేవాడు. కానీ అతని చేతిలో సాగినంత సన్నగా రాగి ఇంకెవరి చేతిలోనూ సాగేది కాదు. సూరాంబ తక్కువ మాటల మనిషి. వాళ్ళింట్లో కడుగు మోసేది ఆమే.

ఒకరోజు సూరాంబ అన్నం వార్చింది. గంజి తెల్లగా రాలేదు. లేత పచ్చగా వచ్చింది.

చూసి చూసి, కుండ మార్చి మళ్ళీ వండింది. మళ్ళీ పచ్చగానే వచ్చింది. ఊరి బావి ఆ పల్లం పక్కనే ఉంది మరి. వారం తిరక్కుండా ఇంటికొకరు కడుపు పట్టుకుని పడుకున్నారు. పెద్దలు బావి మీద ముళ్ళకంప కప్పించారు. అప్పటినుంచి కొండ ఊట దగ్గరికి రెండు కోసుల దూరం నడిచి కావిళ్ళతో నీళ్ళు మోసుకోవాల్సి వచ్చింది.

అమ్మకి కోపమొచ్చిందని ఊరంతా అనుకుంది. ఎందుకొచ్చిందని తల బద్దలు కొట్టుకున్నారు. చివరికి మౌనయ్యే ఒక ఉపాయం చెప్పాడు. మనం మొదటి కడుగు ఒక్కటే ఇస్తున్నాం, అమ్మకి చాలడం లేదు, రెండో కడుగూ మూడో కడుగూ కూడా ఇచ్చేద్దామన్నాడు. అందరికీ నచ్చింది. మంచి మనుషులు పొరపాటు పడితే అలాగే ఉంటుంది, రెట్టింపు శ్రద్ధగా చేస్తారు.

ఆ రోజు సూరాంబ మూడు గంగాళాల కడుగు మోసింది. మూడోది వంచుతుంటే ఆమెకి ఏడుపొచ్చింది. "తాగమ్మా, కడుపు నిండా తాగి కోపం తగ్గించుకో" అంది.

వాగు ఒడ్డునుంచి ఇదంతా చూస్తున్న వానపాము ఇక ఆగలేకపోయింది. ఒట్టు గిట్టూ గాలికొదిలేసి, కాలే నేల మీద పాక్కుంటూ పాక్కుంటూ వచ్చి సూరాంబ బొటనవేలు దగ్గర తలెత్తింది.

"ఆపవే తల్లీ" అంది. "అది కోపం కాదు, కడుపునొప్పి. మీ తాతల నాటినుంచీ చిలుము తాగించి చంపుతున్నారు. మీ మనసు నొచ్చుకుంటుందని ఆమె నోరు విప్పడం లేదు."

సూరాంబ చేతిలో గంగాళం జారిపోయింది. ఆమె అక్కడే కూలబడి నేల మీద అరచెయ్యి ఆనించింది. నేల వేడిగా ఉంది, జ్వరం తగిలిన ఒళ్ళులాగా.

"నిజమేనా అమ్మా?" అని అడిగింది.

 నేలమ్మ మెల్లిగా చెప్పింది. "మీరు చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు సూరాంబా. రెండు చేతులతో పోసేవాళ్ళు. ఎలా వద్దనను?"

 సూరాంబ ఆ తల్లిని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేలమ్మే ఆమెని ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

ఊరంతటికీ సంగతి తెలిసింది. ఆరోజే కడుగు పొయ్యడం మానేశారు. మెట్ట మీదే రాతి తొట్టి కట్టి అందులో పోసి ఎండబెట్టేవాళ్ళు. కానీ ఇకముందు పొయ్యకపోతే సరిపోతుందా? తాగిందంతా ఆమె కడుపులోనే ఉండిపోయింది. వాన పడితే చాలు, అది కాస్త కాస్త బావిలోకి దిగుతూనే ఉంది.

పెద్దలు కూర్చున్నారు. నీళ్ళు లేని ఊళ్ళో ఎన్నాళ్ళుంటామన్నారు. పైగా ఇంకో ముప్పు ఉంది. కొలిమికి బొగ్గు కావాలి. బొగ్గుకి చెట్టు కావాలి. చుట్టుపక్కల చండ్రా తుమ్మా అన్నీ కొట్టేశారు, ఆ రోజుల్లో కొట్టిన చెట్టు లేవదాయె. నీళ్ళూ లేక, నిప్పూ లేక కంచరివాడు బతికేదెలా? చివరికి ఒక మాట అనుకున్నారు. మూడేళ్ళు చూద్దాం. నాలుగో ఏడు తొలకరికి పల్లంలో వానపాము కనబడితే ఉందాం. కనబడకపోతే బళ్ళు కట్టుకుని వెళ్ళిపోదాం.

అది విని నేలమ్మ గుండె జారిపోయింది. కడుపునొప్పికి ఏనాడూ కంటతడి పెట్టని మనిషి, ఆరోజు పెట్టింది. సుత్తుల చప్పుడు లేకపోతే తనకి పొద్దు ఎలా గడుస్తుందని వానపాముని అడిగింది. 

సూరాంబా మౌనయ్యా అడవికి బయలుదేరారు. నేలలో ఉన్నదాన్ని పైకి తోడాలంటే వేళ్ళుండాలి. వేళ్ళున్నవి చెట్లే. వాటినే అడుగుదామని సూరాంబ ఆలోచన.

ముందు వేప దగ్గరికి వెళ్ళారు. వేప శ్రద్ధగా విని, నేను వైద్యుణ్ణి, మందు చెప్పగలను గానీ రోగి విషం నేను తాగుతానా అంది. తాడిచెట్టు పైనుంచి చూసి, కింద ఏం జరుగుతుందో తనకి సరిగా వినపడటం లేదంది. టేకు మాత్రం ఒప్పుకుంది. ఒప్పుకుని, నెమ్మదిగా వేళ్ళు చాపుతాను, అరవై ఏళ్ళకి ఒక కొలిక్కి వస్తుందంది. మౌనయ్య దాన్ని బతిమాలడం మొదలుపెట్టి ఎంతసేపు మాట్లాడాడంటే, టేకు ఆకులు ముడుచుకుని నిద్రపోయినట్టు నటించింది.

తిరిగొస్తూ వాగు దగ్గర నీళ్ళు తాగడానికి ఆగారు. అక్కడ కానుగ ఉంది. దాన్ని అడగాలని వాళ్ళకి తట్టలేదు. మేకలు పీక్కుతినే చెట్టు, దాన్నేం అడుగుతారు?

కానుగే పిలిచింది. వాళ్ళని కాదు, నేలమ్మని.

"అమ్మా, నేను తాగుతాను."

"నువ్వు చిన్నదానివి" అంది నేలమ్మ.

"చిన్నదాన్నే. దాహం మాత్రం పెద్దది. ఇంత తొందరగా పెరిగేదాన్ని, ఎంత తాగుతానో నీకు తెలియదూ?"

"ఆ చిలుము నీలోనే ఉండిపోతుందే."

"ఉండనీ. నాలో ఉంటే నీలో ఉండదుగా."

నేలమ్మ ఒప్పుకోలేదు. అలిగింది, గదిమింది, అరిచి గీపెట్టింది. తల్లి కాదంటే వినే వయసు కాదది. చెబుతూ ఉండగానే ఒళ్ళంతా దులిపి, ఎండిన కాయలు గలగలా సూరాంబ ఒళ్ళో రాల్చింది. వాటిలోంచి మొలిచేదీ తనేనంది.

ఇక నాటడం. పల్లం నడిమధ్యన విషం చిక్కగా ఉంది, అక్కడ గింజ మొలవదు. అప్పుడు మౌనయ్యకి తన పనే గుర్తొచ్చింది. రేకుని గిన్నెగా సాగగొట్టేటప్పుడు దెబ్బలు ఎక్కడ పడితే అక్కడ వెయ్యరు. చుట్టూ ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, అలా చుట్లు చుట్లుగా వేసుకుంటూ పోతారు. కానుగనీ అలాగే నాటాలన్నాడు. మొదటి ఏడు అంచు మీద, విషం పలచగా ఉన్న చోట ఒక చుట్టు. రెండో ఏడు దాని లోపల ఇంకో చుట్టు. మూడో ఏడు నడిమి చుట్టు. జీవితంలో మౌనయ్య మాట్లాడిన మాటల్లో ఇంతకంటే మంచి మాట లేదని సూరాంబ తరవాత చాలాసార్లు చెప్పింది.

మొదటి వానకి అంచు చుట్టు మొలకెత్తింది. వేరు కిందికి దిగి మొదటి గుక్క తాగింది. కానుగకి ఒళ్ళు జలదరించింది. చేదు. అంత చేదు అది ఎన్నడూ ఎరగదు. కానీ గుటక వేసి ఇంకో గుక్క తాగింది.

వారం తరవాత చిగురేసింది. చిగురు పాలిపోయి లేదు. కొత్తగా తోమిన రాగి చెంబులాగా ఎర్రగా మెరుస్తోంది. ఊరంతా వచ్చి చూశారు. రోజులు గడిచేకొద్దీ ఆ రాగి రంగు మారి ఆకు పచ్చబడింది. మామూలు పచ్చ కాదు, చిలుము పట్టిన పచ్చ, నిగనిగలాడే పచ్చ. రాగి చెంబు ఎలా మారుతుందో సరిగ్గా అలాగే మారింది.

అటుగా ఒక మేక వచ్చింది. కానుగేగా అని ధీమాగా ఒక రెమ్మ అందుకుంది. నమిలింది. ఆగింది. ముఖం వంకర తిప్పి, తూతూ అని ఉమ్మేసి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి వెళ్ళిపోయింది. తన బంధువర్గమంతటికీ చెప్పినట్టుంది, ఆ తరవాత ఒక్క మేకా రాలేదు.

రెండో ఏడు రెండో చుట్టు. మూడో ఏడు నడిమి చుట్టు. కొండ ఊటనుంచి తెచ్చే కావడి నీళ్ళలో సగం సూరాంబ మొక్కలకే పోసేది. తన ఇంట్లో అన్నానికి నీళ్ళు తక్కువైనా వాటికి తక్కువ చెయ్యలేదు. కానుగ పగలంతా తాగేది, పెరిగేది, మళ్ళీ తాగేది. నేలమ్మ కడుపునొప్పి కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. ఎన్నో ఏళ్ళ తరవాత ఆమె ఒకరోజు మధ్యాహ్నం కునుకు తీసింది కూడా.

మూడో ఏడు చలికాలం వెళ్ళబోతోంది. ఆకురాలే రోజులు దగ్గరపడ్డాయి. ఒకరోజు మౌనయ్య చెట్ల మధ్య నిలబడి ఏదో చెప్పుకుపోతుంటే, కానుగ అతని మాటకి అడ్డొచ్చింది.

"మౌనయ్య మావా, గొడ్డలి తీసుకురా."

మౌనయ్యకి అర్థం కాలేదు.

కానుగ నెమ్మదిగా వివరించింది. తాగిన చిలుమంతా తన ఆకుల్లో, కొమ్మల్లో, మానులో ఉంది. గాలి గట్టిగా వీస్తే ఆకు రాలుతుంది. రాలితే కుళ్ళుతుంది. కుళ్ళితే ఆ విషం మళ్ళీ అమ్మ కడుపులోకే పోతుంది. ఇన్నాళ్ళూ ఒక్క ఆకు రాలకుండా బిగపట్టుకుని నిలబడింది. ఇకమీదట పట్టుకోలేనంది.

"ఆకు రాలకముందే కొట్టు. మీ కొలిమిలో వేసుకో. మీ కొలిమీ ఆరిపోతోందిగా."

"కొడితే ఈ పల్లంలో నువ్వు ఉండవే" అన్నాడు మౌనయ్య.

"అమ్మ ఉంటుంది. మీరుంటారు. అమ్మకి మీ సుత్తుల చప్పుడు కావాలి మావా."

అంత మాటకారి మౌనయ్యకి ఆరోజు నోట మాట రాలేదు. ఇంటికి వెళ్ళి గొడ్డలి తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. సూరాంబ అతని పక్కనే నడిచింది. ఆడవాళ్ళంతా దుప్పట్లు తెచ్చి చెట్ల కింద పరిచారు, ఒక్క ఆకైనా నేల మీద పడకూడదని.  నేలమ్మ కింద వేళ్ళని గట్టిగా పట్టుకుంది, అంతే.

మొదటి దెబ్బ వేశాక మౌనయ్య ఏడ్చాడు. సిగ్గుపడకుండా, అందరి ముందూ ఏడ్చాడు. ఏడుస్తూనే కొట్టాడు.

సాయంత్రానికి పల్లమంతా మొండి మొదళ్ళు మిగిలాయి. కర్రనీ కొమ్మల్నీ బొగ్గు చేశారు. ఆకుల్నీ రెమ్మల్నీ అలాగే కొలిమిలో వేశారు. చాలా రోజుల తరవాత ఇరవై ఇళ్ళ తిత్తులూ బుస్సుమన్నాయి. మంట ఆకుపచ్చగా లేచింది. అలాంటి మంట గిన్నెలమెట్టలో ఎవరూ చూడలేదు.

కొలిమి చల్లారాక సూరాంబ బూడిద జల్లించింది. జల్లెడలో ఆవగింజలంత, మినపగింజలంత ఎర్రటి పలుకులు మిగిలాయి. రాగి. తాతలు, తండ్రులు, తాను పోసిన కడుగుల్లోంచి కానుగ ఏరి తెచ్చిన రాగి. పిడికెడైంది. మౌనయ్య దాన్ని మూసలో కరిగించి, సన్నగా సాగగొట్టి, చేతిలో ఇమిడే చిన్న గిన్నె చేశాడు. చేసినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

సూరాంబ ఆ గిన్నెని పల్లానికి తీసుకెళ్ళింది. చెప్పులు విడిచింది. గిన్నెలో ఉన్నది కడుగు కాదు. కొండ ఊటనుంచి తెచ్చిన మంచినీళ్ళు.

"ఇన్నాళ్ళకి తాగే నీళ్ళు తెచ్చానమ్మా, పుచ్చుకో" అని, నడిమి చుట్టులో ఒక మొదలు మీద పోసింది.

వేసవంతా రోజూ వెళ్ళి పోసింది. మొదలు మొదలులాగే ఉంది. ఎండి, బీటలు వారింది. కొట్టిన చెట్టు లేవదని ఆమెకి తెలుసు. అయినా కడుపున పుట్టినదాన్ని కాటికి పంపిన తల్లి ఒకతి కింద ఉంది కదా, ఆమెకి తోడుగా కాసేపు కూర్చుని వచ్చేది.

నాలుగో ఏడు తొలకరి మబ్బు పట్టింది. పెద్దలు పల్లంలోకి దిగి వెతికారు. వానపాము కనబడలేదు. మాట మాటే కాబట్టి బళ్ళు కట్టమన్నారు. సుత్తి దెబ్బలు తినే దాగళ్ళూ, తిత్తులూ మూసలూ బళ్ళకెక్కాయి. సుత్తులు గోనెసంచుల్లోకి వెళ్ళాయి. మెట్ట మీద చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో మొదటి చినుకు పడింది. సూరాంబ బండి ఎక్కబోయి, ఆఖరిసారి చెప్పొస్తానని చిన్న గిన్నె పట్టుకుని పల్లానికి పరిగెత్తింది. తడుస్తూ మొదలు దగ్గర కూర్చుని నీళ్ళు పోసింది. వెళ్ళొస్తానమ్మా అనబోయింది.

"కాస్త చూసుకుని పొయ్యవే, నెత్తి మీద పోస్తావేం" అని కింద ఎవరో విసుక్కున్నారు.

మొదలు పక్కన తడిమట్టి కదిలి వానపాము తల బయటపెట్టింది. పొద్దున్నే వచ్చానంది. పాతిల్లు ఎలా ఉందో చూద్దామని వచ్చానని, పరవాలేదు మట్టి బాగానే ఉందని, కింద ఒకటే హడావుడి, మీ అమ్మ నన్ను పక్కకి జరగమని ఒకటే నెట్టడం అని సణిగింది.

సూరాంబ వంగి చూసింది. ఎండిన మొదలు అంచున బెరడు చిట్లింది. చిట్లిన చోటినుంచి ఎర్రగా ఏదో తొంగి చూసింది. దాని పక్కన ఇంకొకటి. అటు పక్కన మరొకటి. ఒక్క మానుండే చోట ఐదు చిగుళ్ళు, ఐదూ కొత్త రాగిలాగా మెరుస్తున్నాయి.

కిందనుంచి నేలమ్మ గొంతు వినిపించింది. "పైనున్నది మీరు కొట్టారు. వేరు నా చేతిలోనే ఉంది. నా చేతిలో ఉన్న బిడ్డని నేను పోనిస్తానా?"

చిగుళ్ళు వానలో ఒళ్ళు విరుచుకున్నాయి. "అమ్మా, మళ్ళీ దాహమేస్తోంది" అంది కానుగ.

నేలమ్మ నవ్వింది, ఏడ్చింది. సూరాంబ కూడా అంతే. ఆమె పరిగెత్తుకొచ్చి చెప్పిన మాట ముందు ఎవరూ నమ్మలేదు. తరవాత పెద్దలు దిగి చూశారు. వానపాము వాళ్ళ ముందు కావాలనే ఒకటికి రెండుసార్లు బారుగా పాకి చూపించింది. ఇంకేముంది, బళ్ళు విప్పారు. ఆ వారంలోనే బావి మీద ముళ్ళకంప తీయించి సూరాంబ ఆ నీళ్ళతో అన్నం వార్చింది. గంజి తెల్లగా వచ్చింది.

ఇక గిన్నెలమెట్టలో కొలిమి ఆరలేదు. ఒక ఏడు ఒక చుట్టు కొట్టుకునేవాళ్ళు. అది లేచి పెరిగేలోగా ఇంకో చుట్టు కోతకొచ్చేది. ఎప్పుడు కొట్టినా ఆకు కింద పడకుండా దుప్పటి పరిచేవాళ్ళు, పల్లం పూర్తిగా బాగయ్యాక కూడా. కొత్త గిన్నె చేస్తే మొదటి కడుగు తొట్టిలోకి, మొదటి మంచినీళ్ళు కానుగ మొదట్లోకి. మౌనయ్య సంగతి అడుగుతారేమో, వాన వెలిసేసరికి మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు.

అప్పటినుంచే కానుగ చిగురు ముందు రాగిరంగులో మెరిసి, తరవాత చిలుము పచ్చకి తిరుగుతుంది. అప్పటినుంచే మేకలు కానుగని చూసి ముఖం తిప్పుకుని పోతాయి. అప్పటినుంచే కానుగని ఎంత మొదలంటా కొట్టినా, వేరు నేలమ్మ చేతిలో ఉంటుంది కాబట్టి, ఒకటి పోయిన చోట ఐదై లేస్తుంది. దారిలో ఎక్కడైనా కొట్టేసిన కానుగ మొదలు కనబడితే జాలిపడి వెళ్ళిపోకండి. చెప్పులు విడిచి చెంబెడు నీళ్ళు పోయండి. దాహంతో ఉంటుంది.